విమర్శకుడు దర్శకుడైతే

చలనచిత్ర విమర్శ వ్రాసేవారిని చూచి, "అంత తెలిసినవాడవు, నీవే ఒకటి తీసి చూపరాదా?" అనటం మన దేశంలో పాత పరాచికం. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ తీసి చూపించాడు. అప్పుడు ఆ పెద్దలే మాట మార్చి, "ఇవి చిత్రాలు కావు, తెర మీది సంపాదకీయాలు" అన్నారు. వాదం ఏదైనా తీర్పు ముందే వ్రాసిపెట్టి ఉన్నదన్నమాట. ఆ తీర్పును నేను అంగీకరించను.

1935లో 'బొంబాయి క్రానికల్' పత్రికలో చేరి, అందులో చిత్ర సమీక్షలు వ్రాసి పేరు పొందినవాడు అబ్బాస్. (హిందీ చదివే మా వంటివారికి ఆయన ముందుగా కథకుడు, ఉర్దూ, హిందీ అన్న భేదం ఆ కథలలో చాలవరకు లిపిభేదమే.) 1946లో ప్రజానాట్య సంఘం పక్షాన 'ధర్తీ కే లాల్' తీశాడు. 1943 నాటి వంగదేశపు కరవు దాని వస్తువు. శంభు మిత్ర, బలరాజ్ సహానీ నటించారు. రవిశంకర్ సంగీతం కూర్చాడు. లక్షలాది జనం అన్నం లేక మరణించిన మూడేండ్లకు ఆ సంగతి తెర మీద చెప్పబూనిన దర్శకులు మనకు ఎందరు? అట్లా పూనుకొన్నవాడు విమర్శకుడు కావటం కాకతాళీయం కాదు. తెర మీద ఏది లేదో ఏండ్ల తరబడి చూచి విసిగినవాడు ఆయన.

ఫ్రాన్సులో త్రూఫో అనే విమర్శకుడు 1959లో తన మొదటి పెద్ద చిత్రం తీస్తే మనవారు దానిని నూతన యుగమని కొనియాడారు. పదమూడేండ్ల ముందే మనవాడు చేసిన పని మాత్రం పత్రికారచయిత దుస్సాహసమట!

రాజ్ కపూర్‌కు వ్రాసిన 'ఆవారా', 'శ్రీ 420' కాసులు కురిపించాయి, స్వంత చిత్రాలు కురిపించలేదు, కనుక ఆయనకు దర్శకత్వం రాదని మరొక వాదం. 1954లో 'మున్నా' పాటలు లేకుండా తీసినవాడికి ధనం రాదని తెలియదా? బొంబాయిలో ఇల్లు దొరకక మురుగునీటి గొట్టంలో కాపురముండే దంపతుల కథ 'షహర్ ఔర్ సప్నా' (1963). దానికి ఆ యేటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. గోవా విముక్తిని చెప్పే 'సాత్ హిందుస్తానీ' (1969)లో వంగీయుడైన ఉత్పల్ దత్‌ను పంజాబీ రైతుగాను, మలయాళీ మధును వంగీయుడిగాను నిలబెట్టాడు. ఏ ప్రాంతంవాడిని ఆ ప్రాంతపు వెక్కిరింపుగా చూపే అలవాటుకు అంతకన్న చక్కని సమాధానం నేనెరుగను. ఆయన పాత్రలు అక్కడక్కడ ఉపన్యసిస్తాయి, కాదనను. మిగిలిన మన చిత్రాలలో నాయకులు మౌనవ్రతులా?

'చార్ షహర్ ఏక్ కహానీ' అనే లఘుచిత్రంలో నగరాల భాగ్యాన్నీ దారిద్ర్యాన్నీ ప్రక్కప్రక్కన చూపాడు. వేశ్యావాటిక దృశ్యాలు కోయమన్నారు సెన్సారువారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. విచారణ నడుస్తుండగా ప్రభుత్వం దిగివచ్చి, కోతలు లేకుండానే అనుమతి ఇస్తామన్నది. మరొకడైతే డబ్బా చంకనబెట్టుకొని ఇంటికి పోయేవాడు. అబ్బాస్ తన అర్జీని సవరించి, విడుదలకు ముందే పరీక్షించే అధికారం అసలు రాజ్యాంగసమ్మతమా అని ప్రశ్నించాడు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆ అధికారాన్ని సమర్థించాడు. అయితే కళకు చోటు విడవాలని కూడ చెప్పాడు. వ్యాజ్యంలో ఓడిన అబ్బాస్ తన 'చివరి పేజీ' శీర్షికను 1987లో మరణించేవరకు వ్రాస్తూ వచ్చాడు.