కుక్కకీ పెళ్ళిచూపులేనా?

అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు రంగూ, ఎత్తూ, వంశమూ వాకబు చేసే జబ్బు మనకింకా పూర్తిగా వదల్లేదు. ఇప్పుడా జబ్బుని కుక్కలకి కూడా అంటించాం. "లాబ్రడారేనా? తల్లిదండ్రుల కాగితాలున్నాయా? బొచ్చు గుబురుగా పెరుగుతుందా?" ఇవీ ప్రశ్నలు. కన్యాశుల్కం రోజులు పోయాయనుకుంటున్నాం గానీ, కుక్కపిల్లల విషయంలో వేలకి వేలు పోసి మరీ తెచ్చుకుంటున్నాం.

2003లో టీవీలో హచ్ ఫోను ప్రకటన వచ్చింది, గుర్తుందా? ఓ చిన్న పిల్లాడి వెనకాలే తిరిగే పగ్ కుక్క. అది చూసి ఇంటింటా పగ్ కావాలన్నారు. ముక్కు లోపలికి నొక్కేసినట్టుండే ఆ జాతికి మన ఎండల్లో ఊపిరి పీల్చడమే ఓ యజ్ఞం. ఆ మోజు తీరి, హస్కీల మోజు వచ్చింది. సైబీరియా మంచులో బండి లాగే ప్రాణిని, రెండు పొరల బొచ్చుతో సహా తెచ్చి, విజయవాడ మే నెలలో మూడో అంతస్తు ఫ్లాటులో పెడితే దానికి హాయిగా వుంటుందా? "ఏసీ వుందిగా!" అంటారు. కరెంటు పోతేనో?

అసలు సంగతికొస్తాను. పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలని పిల్లాడు పేచీ పెడతాడు. "అన్నీ నేనే చేస్తానమ్మా, ఒట్టు!" అంటాడు. ఆ ఒట్టుకి ఆయుష్షు రెండు వారాలు. కుక్కకి ఆయుష్షు పన్నెండు, పదమూడేళ్ళు. ఇవాళ మూడో తరగతి చదివే పిల్లాడు అప్పటికి ఇంజనీరింగులో వుంటాడు, అదీ హాస్టల్లో. ఇక శ్రీవారు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి దాని తల నిమిరి, "షేక్‌హ్యాండ్" అని ముచ్చట తీర్చుకుంటారు. పొద్దున్నే వీధిలోకి తిప్పేదెవరు? వరండా కడిగేదెవరు? పిడుదులు ఏరేదెవరు? ఏటేటా రేబిస్ సూది తేదీ గుర్తుంచుకునేదెవరు? చెప్పక్కర్లేదు కదా!

అంచేత నేననేదేమిటంటే, ఇంట్లోకి కుక్క రావాలా వద్దా అన్న విషయంలో ఆఖరి మాట ఇల్లాలిదే కావాలి. చాకిరీ ఎవరిదో అధికారమూ వాళ్ళదే. "వద్దు" అంటే ఆమెకి జాలి లేదని ముద్ర వెయ్యడం బొత్తిగా అన్యాయం.

అయితే ఒకసారి "సరే" అన్నాక మాత్రం, మనమూ మాట మార్చడానికి వీల్లేదు. మహాప్రస్థానంలో వెంట వచ్చిన కుక్కని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంతటివాడు చెప్పినా ధర్మరాజు వినలేదని పురాణంలో వింటూ కళ్ళొత్తుకుంటాం. ఇంటికొచ్చాక ఆయనకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే కుక్కని ఊరి చివర దింపేసి వస్తాం! కోడలు నీళ్ళోసుకుందని ఒకరు, కొత్త ఫ్లాటులో ఒప్పుకోరని ఒకరు, ముసలిదై పక్క తడుపుతోందని మరొకరు. ఇలా పెంపుడు జంతువుని దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి చేస్తే జుల్మానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు! ఆ డబ్బుతో ఇవాళ ఇద్దరు హోటల్లో టిఫిన్ చెయ్యలేరు. ఇక వదిలేసింది ఆపరేషను చేయించని ఆడకుక్క అయితే, చూలు కట్టిన రెండు నెలలకి వీధిలో ఈనుతుంది. ఆ పిల్లలు పెరిగి మన వెంటే పడితే "మునిసిపాలిటీ ఏం చేస్తోంది?" అని అరిచేదీ మనమే.

2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకి దాన్ని సవరించినప్పుడు దేశమంతా రెండు పార్టీలైపోయింది. కుక్కల తరఫున గొంతు చించుకున్నవారిలో ఎంతమంది ఇళ్ళల్లో వీధినుంచి వచ్చిన కుక్క వుందో ఎవరైనా లెక్క తీస్తే బాగుణ్ణు.

కుక్క కావాలనుకుంటే జంతు సంరక్షణ కేంద్రానికే వెళ్ళండి. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ వుంది, ఇంకా ఇతర ఊళ్ళల్లోనూ ఇలాంటివి వున్నాయి. అక్కడ బుజ్జి కూనల దగ్గరే ఆగిపోకండి. ఎదిగిన దేశవాళీ కుక్కని చూడండి. ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎలాంటి స్వభావమో ముందే తెలిసిపోతుంది. పలచటి బొచ్చు కాబట్టి మన ఎండకి తట్టుకుంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ సూదీ అయ్యాయో లేదో అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

మొదటి రోజుల్లో అది మిమ్మల్ని మెచ్చుకుంటుందని మాత్రం ఆశపడకండి. మీరు చీపురు ఎత్తితే మంచం కిందకి దూరుతుంది. ఎవరో దాన్ని కొట్టే వుంటారు. అన్నం ముట్టదు. మీరు గది మారితే ఏడుస్తుంది. కొత్త కోడలికి అత్తవారిల్లు అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పట్టిందో మనలో ఎవరికి తెలీదు? దానికీ కొన్ని నెలలు ఇవ్వండి. బట్టల కొట్లో ఇరవై చీరలు పరిపించి, ఒక్కటీ కొనకుండా లేచొచ్చే హక్కు మనకుంది. వారం రోజులు ఇంట్లో పెట్టుకున్న ప్రాణాన్ని "మాకు నప్పలేదండీ" అని తిరిగి అప్పజెప్పే హక్కు ఎవరిచ్చారు?

పోనీ, మీ ఇంట్లో కుదురుతుందో లేదో తేల్చుకోవాలా? ముందు ఓ నెల రోజులు, కుక్క లేకుండానే, పొద్దున్న అయిదున్నరకీ రాత్రి తొమ్మిదింటికీ ఇంటిల్లిపాదీ వంతులేసుకుని వీధి చివరిదాకా నడిచి రండి. ఎవరు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో వంటింటి కేలండరు మీద గీతలు పెట్టండి. నెలాఖరున ఆ కేలండరు తీసి మీవారి ముందు పెట్టి, అప్పుడు మొదలెట్టండి కుక్క సంగతి.