పళ్ళున్న మొక్క, మా బుజ్జిగాడు

మా అబ్బాయి పుట్టినరోజుకి వాడి ఫ్రెండ్స్ ఒక మొక్క ఇచ్చారండి. చిన్న ప్లాస్టిక్ కుండీ, అందులో నోళ్ళు తెరుచుకుని ఆకులు, ఆ ఆకుల అంచుల్లో పళ్ళలాంటి ముళ్ళు. వీనస్ ఫ్లైట్రాప్ అట. పురుగుల్ని పట్టి తింటుందట. మా అత్తయ్యగారు చూడగానే, "మాంసం తినే మొక్కని దేవుడి గది దగ్గర పెట్టకే తల్లీ" అన్నారు. తర్వాత అసలు భయం బయటికొచ్చింది. "మన బుజ్జిగాడు మూతి పెడితేనో? ముక్కు పట్టేసుకుంటేనో?"

బుజ్జిగాడంటే మా లాబ్రడార్. వాడి మూతి వెళ్ళని చోటు ఇంట్లో లేదు.

మావారు "మొక్కో, కుక్కో, నువ్వే తేల్చు" అనేసి పేపర్లో తల దూర్చారు. తెచ్చేది ఒకరు, భయపడేది ఇంకొకరు, తేల్చాల్సింది మాత్రం మనం. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనా?

సరే, తేల్చాను. ఆ నోరు మహా అయితే అంగుళం ఉంటుంది. లోపల సన్నటి నూగు ఉంటుంది. దాదాపు 20 సెకన్లలోపు రెండుసార్లు తగిలితే గానీ మూసుకోదు. నా చిటికెన వేలు పెట్టి చూశాను. కాగితం మడత పెట్టినట్టుంది, అంతే. కుక్క ముక్కుని అదేం చేస్తుంది! నమిలి మింగినా విషం కాదు. అమెరికాలో జంతువుల బాగు చూసే ఏఎస్‌పీసీఏ సంస్థ దాన్ని కుక్కలకి, పిల్లులకి విషం కాని మొక్కల్లోనే చేర్చింది. మరీ ఎక్కువ తిన్నా, కుండీలోని నాచు మింగినా ఓ వాంతి అవ్వచ్చు. నిజానికి ప్రాణభయం మొక్కకే. మన బోరు నీళ్ళు కూడా పడవు దానికి, వాన నీళ్ళో డిస్టిల్డ్ వాటరో పోయాలి. ఉత్తి సుకుమారం!

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, అదే హాల్లో టీవీ పక్కన ఐదేళ్ళుగా మనీ ప్లాంట్ ఉంది. దాన్ని ఎవ్వరమూ అనుమానించలేదు. పోయిన వేసవిలో బుజ్జిగాడు చొంగ కారుస్తూ, మూతిని కాళ్ళతో గీరుకుంటూ తిరిగితే ఎండదెబ్బ అనుకున్నాం. అత్తయ్యగారు ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామన్నారు. ఫోన్లో డాక్టరుగారు వద్దంటే వద్దని, "ఇంట్లో ఏ మొక్కలున్నాయి?" అని అడిగారు. అప్పుడు చూస్తే ఏముంది, మనీ ప్లాంట్ ఆకులు సగం కొరికి ఉన్నాయి. వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయట, నోట్లో గుచ్చుకుని మంట పుట్టిస్తాయట. సాయంత్రం దాకా వాడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేనూ అన్నం ముట్టలేదు.

డైఫెన్‌బాకియాదీ ఇదే కథ. ఇక మనం పూజకని పెంచే గన్నేరు గుండెకే ఎసరు పెడుతుంది. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర షోకి పెట్టే సైకస్ లివర్‌ని దెబ్బతీస్తుంది, దాని గింజలు మరీ ప్రమాదం. వీటిలో దేనికీ పళ్ళు లేవు!

కాబట్టి పిల్లలు ఈ పురుగులు తినే మొక్క అడిగితే, కుక్క ఉందని వద్దనకండి. నర్సరీలో ఏది నచ్చినా ముందు పేరు రాసుకుని, పశువుల డాక్టరుగార్ని ఒక్కమాట అడిగి కొనండి.

ఇప్పుడు మా ఫ్లైట్రాప్ ఎండ తగిలే వంటింటి కిటికీలో ఉంది. మనీ ప్లాంట్ బాల్కనీలో పైకొక్కేనికి ఎక్కింది. నిన్న అత్తయ్యగారు కిటికీ దగ్గర ఈగని తోలబోయి, చెయ్యి ఆపేసి, "ఉండనీలే, దానికి ఆకలేస్తుందేమో" అన్నారు.