తొడల యంత్రములు

ఇటీవల మన పట్టణములలో వ్యాయామశాలలు వీధికొకటి చొప్పున వెలయుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. పొద్దస్తమానము కుర్చీని అంటిపెట్టుకొని పనిచేయు గుమాస్తాలు, వర్తకులు, ఉపాధ్యాయులు తమ దేహమును గూర్చి యీమాత్రమైనను చింతింపనారంభించుట మంచి శకునము. కాని యీ శాలలలో ఏమి జరుగుచున్నదో కొంచెము నిదానించి చూడవలసియున్నది. పెద్దశాల దేనికి పోయినను ఒక మూల రెండు ఆసనములు కానవచ్చును. ఒకదానిపై కూర్చుండి తొడలను బరువునకెదురుగ విప్పవలెను. రెండవదానిపై కూర్చుండి వానిని దగ్గరకు చేర్పవలెను. తుంటికిని తొడలకును ప్రత్యేకించిన యంత్రములివి. వీనియెదుట జనులు వరుస కట్టి వేచియుండుట చూచిన పిమ్మట నాలుగు మాటలు వ్రాయక తప్పినది కాదు.

జనులను అచ్చటికి లాగుచున్నది కొవ్వును గూర్చిన భ్రమ. తొడలు లావెక్కినవని బాధపడువారు, అందును ముఖ్యముగ స్త్రీలు, ఈ యంత్రముపై కూర్చుండి నూరుమార్లు కాళ్లు కదిపినచో ఆ భాగపు కొవ్వు కరగిపోవునని నమ్ముచున్నారు. నమ్మించువారును ఉన్నారు. 1971లో అమెరికా వైద్యులు కొందరు టెన్నిసు ఆటగాండ్ర చేతులను కొలిచి చూచిరి. రాకెట్టు పట్టు చేయి యేండ్ల తరబడి శ్రమించి రెండవ చేతికంటె లావై యుండెను. కాని చర్మము క్రింది కొవ్వుపొర మాత్రము రెండు చేతులందును ఒక్క తీరుననే యుండెను. శరీరము తనకు కావలసిన కొవ్వును దేహమంతటినుండియు తీసికొనునేకాని, ఏ కండ పనిచేసినదో చూచి దాని ప్రక్కనున్న కొవ్వునే తీయదు. ఊరి చెరువులో ఒక రేవున నీరు ముంచినచో ఆ రేవుకడనే మట్టము తగ్గునా? పైగా కూర్చుండి చేయు నీ కదలికలో ఖర్చగు శక్తి స్వల్పము. ఆ కాలములో వడిగ నడచిన మనుష్యుడు అంతకంటె ఎక్కువే ఖర్చుచేయును. అతడు చందా కట్టనక్కర కూడ లేదు.

కొవ్వు మాట అటుండనిండు. బలమైనను వచ్చునుగదా యని కొందరు అడుగవచ్చును. వచ్చును. అయితే ఏ పనికి పనికివచ్చు బలమన్నది ప్రశ్న. మనము నడచునప్పుడు ప్రతి అడుగునను క్షణకాలము ఒంటికాలిపై నిలుచుచున్నాము. ఆ క్షణమున కటి ఒకవైపునకు వ్రాలిపోకుండ పట్టి యుంచునవి తుంటి ప్రక్కనున్న కండరములు. ఇవి బలహీనమైనవారు ఒంటికాలిపై నిలిచినప్పుడు ఎత్తిన కాలివైపు కటి క్రిందికి దిగునని జర్మను శస్త్రవైద్యుడగు ట్రెండెలెన్‌బర్గు 1895లోనే వివరించెను. వైద్యులు నేటికిని ఆ పరీక్షనే చేయుచున్నారు. మరి యంత్రమేమి చేయుచున్నది? మనుష్యుని కూర్చుండబెట్టుచున్నది. తుంటికీలు వంగియున్నప్పుడు కండరములు లాగు దిక్కే మారును. నిలిచినప్పుడు కటిని పట్టియుంచు కండరముల పనిలో కొంతభాగమును పిరుదుల కండరములు అందుకొనును. తూకము నిలుపుకొను బాధ్యత అసలే యుండదు. దానిని ఆసనము మోయుచున్నది. ఆ యంత్రముపై 60 కిలోల పలకలను అవలీలగ కదల్చినవారే, బట్టలు మార్చుకొను గదిలో పంట్లాము తొడుగుకొనుటకు గోడను పట్టుకొనుట మేము చూచితిమి.

ఇది నవ్వుకొని విడిచిపెట్టవలసిన సంగతి కాదు. వార్ధక్యమున స్నానపుగదిలో జారిపడి తుంటి విరిగినవారిలో అనేకులు తిరిగి మునుపటివలె నడువజాలరు. ఆ పాటును తప్పింపగలుగునది కాలు నేలమీద నిలిచి యుండగా నేర్చిన బలమేకాని, కుర్చీలో కూర్చుండి సంపాదించినది కాదు. పగలెల్ల కార్యాలయమున కూర్చుండినవానిని సాయంకాలము వ్యాయామమను పేర మరల కూర్చుండబెట్టుట యెట్టి చోద్యము!

కీడును లేకపోలేదు. తొడలను చేర్చు యంత్రమున మొదటనే మోకాళ్లు దూరముగ చాచబడి యుండును. అలవాటులేనివాడు బరువు హెచ్చించినచో గజ్జలో కండ బెణుకును. ఇక స్త్రీల సంకోచము వేరొకటి. ఆసనములను జనసమ్మర్దమునకు ఎదురుగ నిలిపిన యజమానులు ఆ సంగతిని తలచినట్లే లేదు.

యంత్రములను సమూలముగ పారవేయవలెనని మా అభిమతము కాదు. స్వీడను దేశపు వైద్యుడగు గుస్టావు జాండరు 1865లో స్టాక్‌హోమున యంత్రవ్యాయామశాలను తెరచినది చికిత్సకొరకే. నిలువజాలని రోగికి, శస్త్రచికిత్స చేయించుకొని కోలుకొనుచున్నవానికి, వైద్యుని పర్యవేక్షణమున ఇవి మేలు చేయును. తొడలోపలి కండరములకు బలము అక్కరలేదనియు మేము చెప్పము. 2019లో ప్రకటింపబడిన నార్వే పరిశోధన యొకటి గలదు. అందు 30కి పైగా ఫుట్‌బాలు జట్లను రెండు పాళ్లుగ చేసి, ఒక పాలివారిచే ఆ కండరములకు వ్యాయామము చేయించిరి. గజ్జబాధల ముప్పు వారిలో నూటికి 41 వంతులు తక్కువగ నుండెను. ఆ వ్యాయామమునకు కావలసిన పరికరమేది? ఒకడు ప్రక్కకు పండుకొనగా తోడివాడు అతని పైకాలిని పట్టుకొనును. పండుకొన్నవాడు దేహమును పైకెత్తును. అంతే.

మన పాత తాలింఖానాలను పొగడి ఊరకుండుటయు న్యాయము కాదు. దండీలు, బస్కీలు దేహమునకు మహోపకారము చేసినను, ప్రక్కకు కదలు నేర్పును అవియు చాలవరకు ఉపేక్షించినవి. ఆ లోటును తీర్చినది చెడుగుడు. కూతకు పోయినవాడు ప్రక్క ప్రక్కకు అడుగులు వేయుచు, ఒంటికాలిపై నిలిచి రెండవకాలు చాచి తాకుచు, తుంటికి ఎట్టి సాధన చేయునో ఆడినవారికి తెలియును. ఆ యాటకు తగ్గ ఖాళీ నేల మాత్రము ఇప్పుడు పట్టణములలో కరవైనది.

ఉద్యానవనములలో ప్రజాధనముతో యంత్రములు నిలుపుచున్న పురపాలక సంఘములు తరువాతి కొనుగోలునకు ముందు ఒక బరికి సరిపడు మెత్తని నేలను విడువవలెనని కోరుచున్నాము. వ్యాయామశాలల యజమానులు తొడలు సన్నబడునను మాటను తమ ప్రకటనలనుండి తొలగింపవలెను. చందా కట్టినవాడు ఒంటికాలిపై ఎన్ని సెకనులు నిలువగలడో శిక్షకులు మొదటి దినముననే చూచి వ్రాసికొని, మూడు నెలల పిమ్మట ఆ లెక్కను అతనికి చూపవలెను.