ఓడ ఎక్కే ముందు పాస్‌పోర్టు తీసి చూడండి



ఈ నెల ఓడ మాటలు నేర్చుకుందాం. మన పత్రిక చదివేవాళ్ళలో కొందరు ఈ మధ్య ఓడ ప్రయాణాల గురించి అడుగుతున్నారు. పిల్లలు స్థిరపడ్డారు, ఉద్యోగం అయిపోయింది, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి, పోతే ఇప్పుడే పోవాలి అంటున్నారు. మంచి మాటే. నేను కూడా పోయిన జనవరిలో మొదటిసారి ఓడ ఎక్కాను. ఒమాన్ దేశంలో, మస్కట్ రేవులో ఎక్కాను. మా అమ్మాయి ఆ ఊళ్ళో ఒక బడిలో పని చేస్తోంది. నాతో మా అమ్మ కూడా వచ్చింది. ఆమెకు 81 ఏళ్ళు. డర్బన్‌లో పుట్టింది, డర్బన్ సముద్రం చూస్తూ పెరిగింది, కాని ఏనాడూ ఓడ ఎక్కలేదు.

"మా తాత దిగిన ఓడ తర్వాత మన ఇంట్లో ఎవరూ ఓడ ఎక్కలేదు. నేను ఎక్కి చూస్తాను" అంది.

ఆ ముచ్చట రేవులోనే ఆగిపోయేది. తప్పు నాదే. మీరు ఆ తప్పు చేయకూడదని మొదట అదే చెబుతాను.

పేరు

మన పేర్ల సంగతి మీకు తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అది మొదలు 1911 దాకా నటాల్‌కు 1,52,000 మందికి పైగా ఒప్పందపు కూలీలు వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు నుంచే వచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు, అన్నీ పట్టీలో రాసుకున్నారు. చెప్పినవాళ్ళు ఒక రకంగా చెప్పారు, రాసినవాళ్ళు తమకు వినపడినట్టు రాశారు. అందుకే లక్ష్మి ఒక కాగితంలో లచ్మీ, ఇంకో కాగితంలో లుచ్మీ అయింది. అప్పలస్వామి అప్పల్సామి అయ్యాడు. చాలా ఇళ్ళలో ముత్తాత సొంత పేరే మనవళ్ళకు ఇంటి పేరు అయింది. అసలు ఇంటి పేరు ఎక్కడో జారిపోయింది.

మా అమ్మ పేరు కూడా అలాంటిదే. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు చదివితే గుళ్ళో పంతులుగారు కూడా రెండుసార్లు అడుగుతారు. టికెట్ కొనేటప్పుడు నేనేం చేశానో తెలుసా? అమ్మ పేరును దిద్దాను! ముప్పై ఏళ్ళుగా పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చెయ్యి, ఊరుకోలేదు. చిన్నప్పుడు గుడి తరగతిలో మాస్టారు చెప్పినట్టు, ఒత్తులు, దీర్ఘాలు చూసుకుని, ఆ పేరు తెలుగులో ఎలా పలుకుతుందో అలా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

రేవులో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పాస్‌పోర్టు చూసింది. తన ముందున్న తెర చూసింది. మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"ఈ పేరుతో ఎవరూ లేరండీ" అంది.

"ఆమే ఈమె. నేను కూతుర్ని" అన్నాను.

"కాస్త పక్కన నిలబడండి" అంది.

ఓడ సాయంత్రం బయలుదేరుతుంది. కాని ఎక్కించుకోవడం అంతకు చాలా ముందే ఆపేస్తారు. మాకు ఇంకా గంటన్నర ఉంది. అమ్మ ఏమీ అనలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి "దాహంగా ఉందే, నీళ్ళు ఉన్నాయా?" అంది. ఆ మాట విని, చక్రాల కుర్చీ తోసుకుపోతున్న ఒక కుర్రవాడు ఆగాడు.

"అమ్మా, మీరు తెలుగోళ్ళా?"

"అవును నాయనా."

"ఏ ఊరమ్మా మీది?"

"డర్బన్."

అతను కొంచెం ఆలోచించాడు. "గది ఏ జిల్లాల ఉంటది?"

అంత దిగులులోనూ నాకు నవ్వు వచ్చింది. అతనిది నిర్మల్ జిల్లా. నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, గీడ కూసోండ్రి. నేను సారును పిలుచుకొస్త" అని వెళ్ళాడు. వాళ్ళ పై అధికారిని తీసుకుని వచ్చాడు.

పుట్టిన తేదీ సరిపోయింది. పాస్‌పోర్టు నంబరు సరిపోయింది. పేరు ఒక్కటే తేడా. ఆ అధికారి ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు. ఆ కాసేపట్లో కుర్రవాడు అమ్మతో కబుర్లు చెప్పాడు. వచ్చి ఆరేళ్ళు అయింది. రెండేండ్ల అగ్రిమెంటు, మళ్ళీ రెండేండ్ల అగ్రిమెంటు. భార్య, చిన్న పాప ఊళ్ళో ఉన్నారు.

"అగ్రిమెంటా?" అంది అమ్మ. ఆ మాట మా ఇంట్లో పాత మాట. "మా తాతదీ అగ్రిమెంటే నాయనా. అయిదేళ్ళు అన్నారు. మళ్ళీ వెనక్కి పోలేదు."

"నేను పోత అమ్మా. ఉగాదికి పోత" అన్నాడు అతను వెంటనే.

నేను మాత్రం ఒకటే గొణుగుతున్నాను. "ఎవడో గుమాస్తా రాసిన తప్పు పేరు! నూరేళ్ళ తర్వాత కూడా మనమే మొయ్యాలి" అన్నాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఆ పేరుతోనే బడికి పోయాను. ఆ పేరుతోనే పెళ్ళి చేసుకున్నాను. 1994లో ఆ పేరుతోనే వరసలో నిలబడి ఓటు వేశాను. అది తప్పు పేరు అని నువ్వెందుకు అంటావు? అది నా పేరు" అంది.

నేను మళ్ళీ మాట్లాడలేదు. దాదాపు గంట తర్వాత టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్చారు. ఆ రోజు చివరగా ఎక్కినవాళ్ళలో మేమూ ఉన్నాం.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. టికెట్ మీద పేరు అచ్చం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం కూడా దిద్దకండి. పెళ్ళికి ముందు పేరు, పెళ్ళి తర్వాత పేరు వేరుగా ఉంటే పెళ్ళి పత్రం నకలు దగ్గర పెట్టుకోండి. పాస్‌పోర్టు గడువు, ప్రయాణం ముగిసిన తర్వాత ఇంకా ఆరు నెలలు ఉండాలి. ఓడ ఆగే ప్రతి దేశానికీ వీసా కావాలా వద్దా అని ముందే కనుక్కోండి. మీరు ఓడ దిగకపోయినా కొన్ని దేశాలకు వీసా ఉండాలి.

చేతి సంచి

పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు. మీ గది నంబరు ఉన్న చీటీ పెట్టెకు గట్టిగా కట్టాలి. అవి గది ముందుకు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. కొన్నిసార్లు రాత్రి అవుతుంది. అందుకని మందులు, కళ్ళజోడు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. అమ్మ బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టబోతే మా అమ్మాయి తీసి చేతికి ఇచ్చింది.

ఓడలో నిప్పు అంటే చాలా భయం. ఇస్త్రీ పెట్టె, కొవ్వొత్తి, అగరవత్తి, కర్పూరం, ఏదీ గదిలో వెలిగించనివ్వరు. ఇంట్లో వండిన కూరలు, పచ్చళ్ళు కూడా సాధారణంగా రానివ్వరు. అమ్మ రోజూ దీపం పెడుతుంది. ఆమెకు బ్యాటరీతో వెలిగే చిన్న దీపం కొన్నాం. మొదటి రోజు దాన్ని అనుమానంగా చూసింది. మూడో రోజుకు "గాలికి ఆరిపోదు, బాగుందే" అంది.

ఎక్కగానే మీ ఫోటో తీసి ఒక కార్డు ఇస్తారు. అదే గది తాళం. రేవుల్లో దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ దాన్నే చూపించాలి. చాలామంది దాన్ని తాడుతో మెడలో వేసుకుంటారు. అమ్మ కూడా వేసుకుని, "మా తాత వాళ్ళకు రేకు బిళ్ళ వేశారట, దాని మీద నంబరు ఉండేదట" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

ఓడ కదలకముందు ప్రమాదం వస్తే ఎక్కడికి పోవాలో చూపిస్తారు. బద్ధకించకుండా వెళ్ళండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ బండకు తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్ళకు అప్పటికి ఈ కసరత్తు జరగలేదు. తర్వాత నియమాలు మార్చారు. ఇప్పుడు ఓడ బయలుదేరే ముందు గానీ, బయలుదేరిన వెంటనే గానీ అందరికీ నేర్పాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అది ప్రమాద సంకేతం.

ఓడలో బట్టలు

పగలు ఏ బట్టలైనా ఫరవాలేదు. ఈత బట్టలతో, తడి కాళ్ళతో మాత్రం భోజనాల గదికి పోకూడదు. సాయంత్రం పెద్ద భోజనశాలలో కొంచెం శుభ్రంగా, మర్యాదగా ఉండాలి. నిక్కర్లు, రబ్బరు చెప్పులు అక్కడ ఒప్పుకోరు. చాలా ఓడల్లో ఒకటి రెండు రాత్రులు బాగా ముస్తాబై రావాలని చెబుతారు. ముస్తాబు ఇష్టం లేనివాళ్ళు ఆ రాత్రి వేరే చోట తినవచ్చు. మీ ఓడ పద్ధతి ఏమిటో టికెట్‌తో వచ్చిన కాగితంలో చదవండి.

ఈ ముస్తాబు కోసం కొత్త గౌను, కొత్త కోటు కొనాలా అని నన్ను ఇద్దరు అడిగారు. అక్కర్లేదు. మన పట్టుచీర చాలు. మగవాళ్ళకు మెడ దాకా గుండీలు ఉన్న కోటు గానీ షేర్వానీ గానీ చాలు. అమ్మ తన పెళ్ళినాటి కంచి పట్టుచీర కట్టుకుని వస్తే, పక్క బల్ల వాళ్ళు లేచి కుర్చీ జరిపారు.

ఊళ్ళో బట్టలు

ఓడ దిగి ఊళ్ళోకి పోతే పద్ధతి మారుతుంది. ఒమాన్‌లో ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. అక్కడి మగవాళ్ళు మడమల దాకా ఉండే తెల్లని దిష్దాషా, తల మీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ వేసుకుంటారు.

మేము ఓడ ఎక్కే ముందు రెండు రోజులు మస్కట్‌లో ఉన్నాం. సుల్తాన్ కాబూస్ పెద్ద మసీదుకు వెళ్ళాం. దాన్ని 2001లో తెరిచారు. లోపల ఒకే ఒక్క తివాచీ, బరువు 21 టన్నులు. మనలాంటి వాళ్ళను శనివారం నుంచి గురువారం దాకా, పొద్దున 8 నుంచి 11 వరకు రానిస్తారు. శుక్రవారం రానివ్వరు. ఆడవాళ్ళు జుట్టు, మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా కాళ్ళు కప్పుకోవాలి. పలచని బట్ట పనికిరాదు. మగవాళ్ళకు పొడుగు ప్యాంటు ఉండాలి. మా ముందున్న ఒకామె ప్యాంటు పిక్కల దాకానే ఉంది. వెనక్కి పంపారు. ఆమె అద్దెకు నల్లని అబాయా తీసుకుని మళ్ళీ వచ్చింది.

చీర సరిపోదు అని అమ్మకు ఎవరో చెప్పారు. పొట్టి చేతుల రవికె, నడుము కనిపించే కట్టు అయితే నిజంగానే సరిపోదు. అమ్మ చీర మానలేదు. పొడుగు చేతుల రవికె కుట్టించుకుంది. పైన శాలువా కప్పి, తల మీదుగా తెచ్చి పిన్ను పెట్టుకుంది. వాకిట్లో మనిషి చూసి, తల ఊపి లోపలికి పంపాడు. "తిరుమలలో సేవకు పంచె కట్టుకు రమ్మంటే రామా? ఎవరి ఇంటికి పోతే వాళ్ళ పద్ధతి" అంది అమ్మ.

ఇంకో మాట. మస్కట్‌లో ఓడలు ఆగేది మత్రాలో. రేవు లోపల నడవనివ్వరు, గేటు దాకా బస్సులో తీసుకుపోతారు. గేటు దాటితే సముద్రం పక్క దారిలో నడిచి మత్రా బజారుకు పోవచ్చు. శుక్రవారం పొద్దున చాలా కొట్లు మూసి ఉంటాయి. అక్కడ ధోఫార్ నుంచి వచ్చే సాంబ్రాణి దొరుకుతుంది. దాన్ని లుబాన్ అంటారు. కొనండి, కాని వెలిగించేది ఇంటికి వచ్చాకే.

తిరిగి వచ్చాక

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన సామెత. ఓడ ఎక్కిన హడావిడిలో నేను ఆ నిర్మల్ కుర్రవాడికి సరిగ్గా నమస్కారం కూడా చెప్పలేదు. పేరు అడగలేదు. పేరు కోసం అంత గొడవ పడిన నేను, అతని పేరు అడగలేదు! ఏడు రోజుల తర్వాత మస్కట్‌లో దిగినప్పుడు వెతికాం. ఆ రోజు అతనికి పని లేదు. అమ్మ ఊరుకోలేదు. మా అమ్మాయికి ఆ పని అప్పగించింది. ఫిబ్రవరిలో అమ్మాయి ఫోన్ చేసి, అతను కలిశాడని, ఉగాదికి టికెట్ కొన్నాడని చెప్పింది. పాపకు ఒక గౌను కొని ఇచ్చిందట. అతని పేరు కూడా చెప్పింది. అమ్మ ఆ పేరు తెలుగులో రాసి చూపించమంది. రాశాను.

ఈ నెల ఇంటిపని: మీ అమ్మగారిదో నాయనమ్మగారిదో పాస్‌పోర్టు తీయండి. అందులో పేరు ఎలా ఉందో ఒక వరసలో రాయండి. ఇంట్లో ఎలా పిలుస్తారో కింద తెలుగులో రాయండి. రెండూ ఉంచుకోండి. టికెట్ కొనేటప్పుడు మాత్రం మొదటిదే.

ఈ నెల మాటలు

ఓడ: సముద్రం మీద పోయే పెద్ద పడవ.
రేవు: ఓడలు ఆగే చోటు. ఏటి ఒడ్డున బట్టలు ఉతికే చోటును కూడా రేవు అంటారు.
గడువు: ఫలానా రోజు దాకా అని పెట్టిన హద్దు.
అచ్చం: ఏ తేడా లేకుండా, ఉన్నది ఉన్నట్టు.
ముస్తాబు: బాగా తయారు కావడం.
ఫికర్: దిగులు. తెలంగాణలో ఎక్కువగా వినపడుతుంది.
గీడ: ఇక్కడ. ఇదీ తెలంగాణ మాటే.