ముక్కలు చేస్తే మారేదేమిటి?

మైసూరు విశ్వవిద్యాలయం నుంచి 1964లో విడివడ్డ బెంగళూరు విశ్వవిద్యాలయం కింద వందల కాలేజీలు పోగుపడ్డాయి. భారం తగ్గించాలంటూ 2017లో దాన్ని మూడుగా చీల్చారు. పాతదానికి తోడు నగరం నడిబొడ్డున సెంట్రల్ ఒకటి, కోలారు వైపు ఉత్తర విశ్వవిద్యాలయం మరొకటి పుట్టాయి. సెంట్రల్ కాస్తా తర్వాత సిటీ అయింది, దానికి మన్మోహన్ సింగ్ పేరు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. పేర్లు మార్చడానికి మనకెప్పుడూ ఓపిక ఉంటుంది.

పని మాత్రం మారలేదు. కాలేజీలకు అనుబంధం ఇవ్వడం, పరీక్షలు పెట్టడం, పేపర్లు దిద్దించడం, మార్కుల జాబితాలు పంచడం. లండన్ విశ్వవిద్యాలయాన్ని చూసి 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో మనం తెచ్చుకున్న పద్ధతి ఇది. లండనే 1900 నాటికి బోధన వైపు మళ్లింది. మనం ఇంకా పరీక్షల దగ్గరే ఉన్నాం. సిటీ విశ్వవిద్యాలయం కొలువున్న సెంట్రల్ కాలేజీలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య బీఏ చదివారు. 1928 మార్చి 16న సి.వి. రామన్ తన ఆవిష్కరణను వివరించిందీ అక్కడే. ఆ కాలేజీకి వచ్చిన పేరు పరీక్షల విభాగం తెచ్చింది కాదు.

కోలారు, చిక్కబళ్లాపురం తెలుగు పిల్లలకు సర్టిఫికెట్ల కార్యాలయం దగ్గరైంది, మంచిదే. తరగతిలో పాఠం చెప్పే మనిషి ఎవరు? కర్ణాటక ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో వేలమంది అతిథి అధ్యాపకులే బండి లాగుతున్నారు. ఇది చాలదన్నట్టు గత ప్రభుత్వం జిల్లాలకు విశ్వవిద్యాలయాలు పంచింది. డబ్బు లేదంటూ 2025లో మంత్రివర్గ ఉపసంఘం తొమ్మిదింటిని మూసేద్దామంది. తెరవడానికీ ఆలోచన లేదు, మూయడానికీ లేదు. 2006, 2008ల్లో నన్నయ, వేమన, కృష్ణా, సింహపురి విశ్వవిద్యాలయాలు పెట్టిన ఆంధ్రాకూ ఈ దారి కొత్త కాదు.

మా మాట సూటిగా చెబుతాం: అనుబంధ కాలేజీల పరీక్షలను రాష్ట్రస్థాయి బోర్డుకు అప్పగించాలి. సత్తా ఉన్న కాలేజీలు తమ పట్టాలు తామే ఇచ్చుకోవాలి. 1917 నాటి విశ్వేశ్వరయ్య ఇంజినీరింగ్ కాలేజీ (యూవీసీఈ)ని 2021 చట్టంతో విడిగా నిలబెట్టిన ప్రభుత్వానికి ఇది తెలియని విద్య కాదు. అనుబంధ రుసుములు పోతే రాబడి ఎలా అని అధికారులు అడుగుతారు. పిల్లల పరీక్ష ఫీజులతో విశ్వవిద్యాలయం బతకాల్సి రావడమే అసలు తప్పు. జీతాల భారం ఖజానా మోయాలి.

వచ్చే బడ్జెట్‌లో కొత్త విశ్వవిద్యాలయం ఒక్కటీ ఉండకూడదు. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల భర్తీకి గడువూ పద్దూ రెండూ ఉండాలి.