పందిరి వేస్తాం, సంగతి చెప్పం

ఆడపిల్ల పెద్దమనిషైతే హోసూరు వైపు మనవాళ్లు కల్యాణ మంటపం మాట్లాడతారు, పత్రికలు పంచుతారు, వీధి మొదట్లో పిల్ల బొమ్మతో బ్యానరు కడతారు. ఊరంతా చాటిన సంగతేమిటో ఆ పిల్లకు మాత్రం చెప్పరు. నెలనెలా ఇదెందుకమ్మా అంటే "నోర్ముయ్". మగపిల్లాడికి ఆ పలకరింపు కూడా లేదు.

బడి చెబుతుందా? 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని సంస్కృతి పేరు చెప్పి కర్ణాటక, మహారాష్ట్ర రెండూ ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫారసు చేసింది. (మన తెలుగాయనే లెండి.)

అది ఇంట్లో చెప్పే విషయమంటారు పెద్దలు. ఏ భాషలో చెబుతారు? పిల్లలు చదివేది కన్నడం, తమిళం, మరాఠీ. ఇంటి తెలుగులో ఆ అవయవాలకు మిగిలిన పేర్లన్నీ తిట్లే. మర్యాదైన మాట ఒక్కటి వాళ్ల చెవిన వేసిన పాపాన పోలేదు మనం. ఎవడైనా చెయ్యి వేస్తే ఎక్కడ వేశాడని చెప్పాలి పిల్ల? తెలుగు బతకాలని ఏటా సభలు మాత్రం చేస్తాం!

2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లతో సంబంధం, ఆమె ఇష్టపడినా నేరమే. పదిహేడేళ్ల కుర్రాడికి అది తెలిసేది పోలీసు స్టేషనులో.