గ్లాసు ఖాళీ చేయడం రుచి చూడటం కాదు

వారాంతం వస్తే మేడ్చల్ కాలేజీల నుంచి శామీర్‌పేట దాబాలకు బైకులు కదులుతాయి. ప్లేస్‌మెంట్ వచ్చినా పార్టీయే, రాకపోయినా పార్టీయే. నేనూ అంతే. రమ్ అంటే కోలా కలిపి గటగటా తాగేదే అనుకున్నా.

ఉద్యోగంలో చేరాక ఒకసారి కాసిన్ని నీళ్లు కలిపి, ముందు వాసన చూశా. బెల్లం, వెనిల్లా, ఎండుద్రాక్ష! అప్పుడు తెలుసుకున్నా: చెరకు మొలాసిస్‌ను ఈస్ట్ పులియబెడుతుంది, స్వేదనం ఘాటు పెంచుతుంది, ఓక్ పీపా వెనిల్లా వాసన ఇస్తుంది. మన ఎండలకు పీపాలో సరుకు స్కాట్లాండ్‌లో కంటే వేగంగా ఆవిరవుతుంది, వేగంగానే పండుతుంది. అలా పండిన బెంగళూరు విస్కీ అమృత్ 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదలైంది.

ఇదంతా మీ సిలబస్సే కదా? డిస్టిలేషన్, ఫెర్మెంటేషన్, గ్యాస్ క్రొమటోగ్రఫీ. డిస్టిలరీల క్వాలిటీ ల్యాబుల్లోనే కాదు, శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలోనూ పనికొచ్చే చదువే. బ్లెండర్‌కైతే ముక్కే పనిముట్టు. మత్తెక్కితే అది పనిచేయదు.

తెలంగాణలో 21 నిండనిదే మద్యం కొనకూడదు. తాగిన రోజు బండి తాళం ముట్టుకోవద్దు. అసలు తాగకపోయినా నష్టం లేదు. ముక్కుకు శిక్షణ ఇరానీ చాయ్‌తోనూ మొదలుపెట్టొచ్చు.